ముప్పై మూడో పేరు

సైదాపురం షెడ్డుకి ఎదురుగా టీ బంకులో
నాకొక బల్ల ఉండేది.
మఫ్టీలో కూర్చునేవాణ్ణి.
నేను పోలీసునని ఊరంతటికీ తెలుసు,
తెలియదనుకునేవాణ్ణి నేనొక్కణ్ణే.

నా ఉద్యోగం వినడం.
లోపల ఆడోళ్లు కాకిబంగారం చీలుస్తుంటే
పాత ఉత్తరం మడత విప్పుతున్నట్టు చప్పుడు.
పొర కింద పొర, పొర కింద పొర,
పౌనుకి ఇన్ని అణాలని.

వేలూరు ట్రైనింగులో ఇన్‌స్పెక్టరొకాయన
గాజు వాల్వు చేతికిచ్చి చూడమన్నాడు.
లోపల తీగెల నడుమ రెండు పల్చటి బిళ్లలు.
"మీ నెల్లూరు సరుకేనయ్యా ఇది" అన్నాడు.
అమెరికాలో ఎక్కడో ఉక్కు చేసే ఊళ్లో
సమ్మె కూలీలు కూడే గది గోడ వెనక
ఇట్లాంటి వాల్వుల పెట్టె పెట్టి
రాత్రంతా విన్నారట.
ఎవడికి అప్పు, ఎవడికి దగ్గు, ఎవడికి భయం
అంతా కాగితం మీదికొచ్చిందట.
తెల్లారేసరికి ఆ గదిలో సగం మందికి పని లేదట.
మేం చప్పట్లు కొట్టాం.
నేను కొంచెం గట్టిగానే కొట్టాను,
మా జిల్లా పేరు చెప్పాడు కదా.

అయిదేళ్లకి ఆ బిళ్లలు చీల్చే చేతుల ఎదుటే డ్యూటీ పడింది.
నాకు పెట్టె ఇవ్వలేదు.
పెన్సిలు, నోట్‌బుక్కు, రోజుకి మూడు టీల బత్తెం.

"జిలానీ బీ. రెండో నెంబరు షెడ్డు. పదకొండేళ్ల సర్వీసు.
కూలి గురించి మాట్లాడినది.
పాలెపు సుబ్బరత్నమ్మ. అదే షెడ్డు. ఆరేళ్లు.
రాత్రి ఏడింటికి మీటింగుకు పోయినది.
ఉడతా నారమ్మ. నవ్వినది."
అవును, నవ్వు కూడా రాశాను.

చెంగమ్మ మాత్రం నేరుగా నా బల్ల కాడికే వచ్చేది.
మొహమంతా మెరుపు పొడి,
మాట మధ్యలో దగ్గు.
"ఏం అబ్బయ్యా, రాసుకుంటా ఉండావా?
అర్ధణా పెంచబళ్లా అని రాయి.
షెడ్డుకి కిటికీలు పెట్టబళ్లా అని రాయి.
మాకు రాయను రాదు, నీకొచ్చు.
మా యూనియన్ పుస్తకం నీ కాడే ఉందనుకుంటాం పో."

సమ్మె పదిహేడో రోజు.
గూడూరు నించి వ్యాను బయల్దేరుతుందని తెలుసు.
లిస్టు రాయాల్సింది నేనే.
లాంతరు కింద ముప్పై రెండు పేర్లు రాశాక
పెన్సిలు ముక్కు విరిగింది.
చెక్కాను.
చెక్కాక కూడా ఆ పేరు రాయలేదు.
"మరియు గుర్తు తెలియని స్త్రీ ఒకతె" అని రాశాను.

ముప్పై ఏళ్ల సర్వీసులో చేసిన మంచిపని
అదొక్కటేనని నా నమ్మకం.
ఇంటామెకి కూడా చెప్పలేదు.
నిద్ర పట్టని రాత్రుళ్లు
మెత్తగా తీసి చూసుకుని, మళ్లీ దాచుకునేవాణ్ణి.

నిన్న చెంగమ్మ కూతురొచ్చింది, కామాక్షి.
తల్లి పోయి నాలుగేళ్లంట. ఊపిరితిత్తుల్లో దుమ్మంట.
నష్టపరిహారానికి
పనిచేసినట్టు రుజువు కావాలంట.
కంపెనీ మస్టర్లు చెదలు తినేశాయంట.
ఏ పుస్తకం తినాలో
చెదలకి ఎవరు చెప్పారో మరి.

"జిలానీ బీ మనవడికి మీ పోలీసు కాగితమే పనికొచ్చింది తాతా.
షెడ్డు నెంబరు, సర్వీసు, అన్నీ ఉండాయి దాన్లో.
నెల్లూరు కోర్టులో ఒప్పుకున్నారు.
కంపెనీ ఎరగనంది మమ్మల్ని,
నువ్వు ఎరుగుదువు గదా.
మా అమ్మ యే పేజీలో ఉందో చూపించు."

ట్రంకుపెట్టె తెరిచి కార్బన్ కాపీ ఇచ్చాను.
ఇవ్వకుండా ఉండాల్సింది.
లేదు, ఇవ్వాల్సిందే.
ఆమెకి చదువొచ్చు. వేలు ఆనించి చదువుతా ఉంది.
ముప్పై.
ముప్పై ఒకటి.
ముప్పై రెండు.

వేలు ఆగింది.
"ఈ గుర్తు తెలియని ఆమె ఎవురు?"

ఆ పూట మా గోడ వెనక ఎవరైనా పెట్టె పెట్టుంటే
ఒక ముసలాడి ఊపిరి తప్ప
ఏమీ పడేది కాదు దాన్లో.